క్రిస్టియన్ కాలేజీలో మేనేజ్‌మెంట్ చదువు: లెక్కనూ బైబిలు వాక్యాన్నీ ఒకే పేజీ మీద పెట్టడం ఎలా

క్రిస్టియన్ కాలేజీలో బిజినెస్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లల్లో చాలామంది రెండు వేర్వేరు చదువులు చదివి వెళ్లిపోతారు. ఒక పక్క అకౌంట్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్. ఇంకో పక్క బైబిలు క్లాసు, చాపెల్ (కాలేజీ ప్రార్థన కూటం), ఎథిక్స్ పేపరు. మొదటివి ఉద్యోగానికి, రెండోవి అటెండెన్సుకి అన్నట్టు నడుస్తుంది వ్యవహారం. నేను ఇలాంటి కాలేజీలోనే అకౌంటింగ్, ఫైనాన్స్ చెబుతున్నాను. టీచింగ్‌లోకి రాకముందు ఒక కంపెనీలో సప్లయర్ల బిల్లులు చూసే డెస్క్‌లో పనిచేశాను. ఆ రెండు చోట్లా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. ఆ రెండు చదువుల్నీ కలిపి చదివితేనే ఈ కాలేజీకి వచ్చినందుకు ఫలితం. విడివిడిగా చదవాలనుకుంటే మేనేజ్‌మెంట్ ఎక్కడైనా దొరుకుతుంది.

కలిపి చదవడం అంటే ఏం చెయ్యాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీరు క్రైస్తవులు కాకపోయినా ఇందులో ప్రతి పనీ మీరు చెయ్యగలిగిందే. నా క్లాసులో మంచి ప్రశ్నలు వేసేవాళ్లలో బైబిలు మొదటిసారి ఇక్కడే తెరిచిన పిల్లలు ఎప్పుడూ ఉంటారు.

చేరే ముందు

క్రిస్టియన్ కాలేజీ అనే మాట కింద చాలా రకాలున్నాయి. జెస్యూట్ ఫాదర్లు, ఇతర క్యాథలిక్ సభలవాళ్లు నడిపేవి ఒక రకం. వాటిలో సాధారణంగా అన్ని మతాల వాళ్లూ చదువుతారు. ఫిలాసఫీ, థియాలజీ పేపర్లు కొన్ని తప్పనిసరి అయినా, పూజకు వచ్చారా లేదా అని లెక్క రాసే అలవాటు తక్కువ. మెథడిస్టులు, లూథరన్లు, బాప్టిస్టులు స్థాపించినవి ఇంకో రకం. వీటిలో కొన్నింటికి సంఘంతో చరిత్ర ఒక్కటే మిగిలింది, కొన్ని ఇప్పటికీ గట్టిగా పాటిస్తున్నాయి. విశ్వాస ప్రకటన మీద సంతకం చేస్తేనే సీటు ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ సంతకం అధ్యాపకులకే, విద్యార్థులకు ఉండదు.

అందుకని ముందు స్టూడెంట్ హ్యాండ్‌బుక్ సంపాదించి చదవండి. చాపెల్‌కు హాజరు తప్పనిసరా, ఎన్నిసార్లు, మానేస్తే ఏమవుతుంది? ప్రవర్తనా నియమాలు ఏమిటి, అవి హాస్టల్ బయట కూడా వర్తిస్తాయా? చేరాక తెలిసి టెన్షన్ పడటం కన్నా ముందే తెలుసుకోవడం ఇద్దరికీ మర్యాద. కాలేజీకి తన నియమాలు పెట్టుకునే హక్కుంది, అవి మీకు సరిపడతాయో లేదో చూసుకునే హక్కు మీకుంది.

తర్వాత గుర్తింపు. డిగ్రీ ఇచ్చేది ఎవరు, దానికి ఆ దేశపు ప్రభుత్వ గుర్తింపు ఉందా అనేది మొదటి ప్రశ్న. అమెరికాలోని కాలేజీ అయితే బిజినెస్ విభాగానికి విడిగా కూడా గుర్తింపు ఉంటుంది. 1916లో మొదలైన ఏఏసీఎస్‌బీ వాటిలో పాతది, పరిశోధనకు పెద్దపీట వేస్తుంది. బోధన మీద దృష్టి పెట్టే చిన్న కాలేజీలు ఏసీబీఎస్‌పీ, ఐఏసీబీఈ లాంటి సంస్థల దగ్గర గుర్తింపు తీసుకుంటాయి. చిన్న క్రిస్టియన్ కాలేజీల్లో ఈ రెండోవే ఎక్కువ కనిపిస్తాయి. అది లోపమేమీ కాదు. అసలు ఏ గుర్తింపూ లేకపోతేనే ఆలోచించాలి.

ఇక సిలబస్. ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, రెండు ఎకనామిక్స్ పేపర్లు, ఫైనాన్స్, ఆపరేషన్స్, బిజినెస్ లా, ఇవన్నీ ఉండాలి. లెక్కలుండే పేపర్లు తగ్గించి వాటి చోట క్రిస్టియన్ లీడర్‌షిప్ పేరుతో మూడు నాలుగు పేపర్లు పెట్టిన కాలేజీ అయితే వద్దంటాను. మంచి మనసుండి బ్యాలెన్స్ షీట్ చదవడం రాని మేనేజర్ చేతిలో కూడా మనుషుల ఉద్యోగాలు పోతాయి.

క్యాంపస్ చూడటానికి వెళ్తే ప్రార్థనలు చూసుకునే చాప్లిన్‌ను కాకుండా ఫైనాన్స్ టీచర్‌ను అడగండి: "మీ క్లాసులో ఈ కాలేజీ విశ్వాసం ఎక్కడ కనిపిస్తుంది?" క్లాసు ప్రార్థనతో మొదలుపెడతాం అని మాత్రమే చెబితే అక్కడ రెండు చదువులూ విడిగా నడుస్తున్నట్టు. ఫలానా కేసులో ఫలానా ప్రశ్న దగ్గర ఆగుతాం అని చెప్పగలిగితే ఆ టీచర్ దగ్గర చదవండి.

మొదటి ఏడాది అకౌంటింగ్‌ను వదలొద్దు

ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే డబుల్ ఎంట్రీ పద్ధతిని మొదట అచ్చులో వివరంగా రాసినాయన లూకా పాచోలీ. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో ఒక భాగంగా అక్కడి వర్తకుల పద్ధతిని రాశాడు. ఆ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే వెనిస్ వర్తకులు వాడుతున్నదే. రోజువారీ పుస్తకం, జర్నల్, లెడ్జర్ అని మూడు పుస్తకాలు పెట్టమన్నాడు, దేవుని పేరు రాసి లెక్క మొదలుపెట్టమన్నాడు. ఇప్పటికీ మా పిల్లలు నేర్చుకునేది దాదాపు ఆ వరసే.

దీన్ని క్లాసులో చెప్పడానికి నాకో కారణముంది. అకౌంట్స్ అంటే దేవుడికి సంబంధం లేని వ్యవహారమని, ఎథిక్స్ పేపరే పవిత్రమైనదని అనుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. లెక్క సరిగ్గా రాయడమే మొదటి నిజాయితీ. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం నీ సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దంటుంది, ఒకటి కొనడానికి, ఒకటి అమ్మడానికి అన్నట్టు. ఆదాయం ఎప్పుడు రాయాలి, ఖర్చు ఎప్పుడు రాయాలి అనే నియమాలు చదివేటప్పుడు ఆ తూనికరాళ్లను గుర్తుపెట్టుకోండి. ఈ మార్చిలో రావలసిన ఖర్చును ఏప్రిల్‌లోకి నెట్టి, ఏప్రిల్‌లో రావలసిన అమ్మకాన్ని మార్చిలోకి లాగితే అవి రెండు తూనికరాళ్లే.

చెయ్యాల్సిన పని: రోజూ కొన్ని ఎంట్రీలు చేత్తో రాయండి, తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో చెయ్యండి. మొదటి ఏడాది చివరికి ఒక చిన్న సంస్థ ఖాతాలు చూసి, దానికి నగదు ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతోందో చెప్పగలిగితే చాలు. మిగతా థియరీ అంతా తర్వాత అందుకోవచ్చు.

ఒకే పేజీ మీద పెట్టడం: బిల్లుల లెక్క

ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్తాను, నేను చెప్పదలచుకున్నది మొత్తం ఇందులోనే ఉంది కాబట్టి.

ఫైనాన్స్ క్లాసులో క్యాష్ కన్వర్షన్ సైకిల్ అని ఒకటి వస్తుంది. సరుకు మన దగ్గర ఎన్ని రోజులుంటుంది, కస్టమర్ల దగ్గర డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఈ రెండూ కలిపి అందులోంచి మనం సప్లయర్లకు చెల్లించడానికి తీసుకునే రోజులు తీసేస్తాం. సరుకు 40 రోజులు, వసూలు 30 రోజులు, చెల్లింపు 45 రోజులు అనుకుంటే సైకిల్ 25 రోజులు. అంటే 25 రోజుల వ్యాపారానికి మన సొంత డబ్బో బ్యాంకు డబ్బో పెట్టాలి. పుస్తకం వెంటనే చిట్కా చెబుతుంది, చెల్లింపు రోజులు పెంచమని. 45ని 90 చేస్తే సైకిల్ మైనస్ 20 అవుతుంది. ఇప్పుడు మన వ్యాపారాన్ని సప్లయర్లే నడుపుతున్నారు. పరీక్షలో ఇలా రాస్తే పూర్తి మార్కులు పడతాయి.

అదే వారంలో బైబిలు క్లాసులో లేవీయకాండము 19వ అధ్యాయం వచ్చిందనుకోండి. కూలివాడి కూలి మరునాటి ఉదయం వరకు నీ దగ్గర ఉండకూడదని అక్కడ రాసుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది: పొలం కోసినవాళ్లకు బిగపట్టిన కూలి మొరపెడుతోందని. అక్కడ కూడా పూర్తి మార్కులు పడతాయి. రెండు పేపర్లు రాసిన విద్యార్థి ఒక్కడే. ఒక పేపరు చెప్పింది ఇంకో పేపరు వినలేదు.

నేను పనిచేసిన డెస్క్‌కు నెలాఖరున ఫోన్లు వచ్చేవి. పెద్ద సప్లయర్లు ఫోన్ చెయ్యరు, వాళ్ల ఒప్పందాల్లో వడ్డీ నిబంధన ఉంటుంది, వాళ్లకు టైముకు పడుతుంది. ఫోన్ చేసేది చిన్న వర్క్‌షాపుల వాళ్లు. "అమ్మా, పేమెంట్ ఈ వారం పడుతుందా? మా వాళ్లకు జీతాలివ్వాలి" అనేవాళ్లు. అక్కడ నడిచే పద్ధతి ప్రకారం అడగనివాళ్ల బిల్లు అన్నిటికన్నా చివరికి వెళ్లేది. అంటే మొహమాటం ఎక్కువున్నవాళ్లే కంపెనీకి ఎక్కువ అప్పు ఇస్తున్నారన్నమాట. ఏ పుస్తకంలోనూ ఈ వాక్యం నాకు కనపడలేదు, లెడ్జర్‌లో మాత్రం స్పష్టంగా కనపడింది.

ఇప్పుడు దీన్ని లెక్కగా చెయ్యండి. రోజుకు 10,000 విలువైన సరుకు కొనే కంపెనీ అనుకుందాం. 45 రోజుల గడువైతే సప్లయర్లకు ఇవ్వాల్సింది ఎప్పుడూ 4,50,000 ఉంటుంది. 90 రోజులైతే 9,00,000. అదనంగా 4,50,000 మన చేతిలో ఉంది. బ్యాంకు మనకు 10 శాతానికి అప్పిస్తుందనుకుంటే ఏడాదికి 45,000 వడ్డీ మిగిలింది. ఇక్కడితో ఆగేది మామూలు జవాబు. ఇంకో వరస రాయండి. అదే 4,50,000 కోసం చిన్న సప్లయరు బయట 24 శాతానికి అప్పు తెచ్చుకుంటే అతనికి పడే భారం 1,08,000. ఇద్దర్నీ కలిపి చూస్తే 63,000 నష్టం. మనకు మిగిలినట్టు కనిపించిన ప్రతి రూపాయికీ అవతల రెండు రూపాయల నలభై పైసలు పోయాయి. ఆ సప్లయరు మూతపడకుండా ఉండాలంటే వచ్చే ఏడాది ధర పెంచాలి, లేదా నాణ్యత తగ్గించాలి, లేదా తన పనివాళ్ల జీతం ఆపాలి. యాకోబు రాసిన మొర ఆ మూడో చోటునుంచి వచ్చేది.

చూడండి, బైబిలు వాక్యాన్ని లెక్కతోపాటు పేజీ మీద పెట్టుకోవడం వల్ల లెక్క మెత్తబడలేదు, ఇంకో వరస పెరిగింది. ఆ వరస రాయాలన్న ఆలోచన పుట్టించడమే ఇలాంటి కాలేజీ మీకు ఇవ్వగలిగేది. చట్టాలు కూడా ఆ వరసను చూశాయి. భారతదేశంలో 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే చక్రవడ్డీ. ఐరోపా యూనియన్ 2011లో తెచ్చిన ఆదేశం కంపెనీల మధ్య 60 రోజులను సాధారణ హద్దుగా పెట్టింది.

మీరు తిరగేసి కూడా ఆడొచ్చు. 30 రోజుల గడువులో 10 రోజుల్లోపే చెల్లిస్తే 2 శాతం తగ్గింపు అని చాలా బిల్లుల మీద ఉంటుంది. 20 రోజుల ముందు ఇచ్చినందుకు వచ్చే ఆ తగ్గింపు ఏడాది వడ్డీగా మారిస్తే 37 శాతం దాకా వస్తుంది. అంత తగ్గింపు ఇవ్వడానికి సిద్ధపడే సప్లయరుకు నగదు ఎంత అవసరమో కూడా ఆ అంకె చెబుతుంది. ఒక అంకెను రెండు వైపులనుంచీ చదవడం ఇదే.

ఇంకో అభ్యాసం ఇస్తాను, ఇది మీరే చేసుకోండి. అమెరికాలోని చిక్-ఫిల్-ఏ రెస్టారెంట్లు ఆదివారం మూసే ఉంటాయి, స్థాపకుడు 1946లో తన మొదటి రెస్టారెంటు తెరిచినప్పటినుంచీ ఆ పద్ధతే. ఒక దుకాణానికి ఏడాది స్థిర ఖర్చులు 7,30,000 అనుకోండి, ఒక్కో కస్టమర్ మీద మిగిలేది 20. ఏడాదంతా తెరిస్తే రోజుకు 100 మంది వస్తే ఖర్చులు గడుస్తాయి. ఆదివారాలు మూసి 313 రోజులే తెరిస్తే దాదాపు 117 మంది కావాలి. ఆ 17 మంది ఎక్కడినుంచి వస్తారు? శనివారం రద్దీ పెరుగుతుందా? వారానికి ఒక రోజు కచ్చితంగా సెలవుంటే పనివాళ్లు మానేయడం తగ్గుతుందా, కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఖర్చు ఎంత మిగులుతుంది? విశ్రాంతి దినం మంచిదని వ్యాసం రాయడం తేలిక. ఈ ప్రశ్నలకు అంకెలు పెట్టడం కష్టం, అదే చెయ్యాలి.

వాక్యాన్ని చివర అతికించొద్దు

ఇలాంటి కాలేజీల్లో అసైన్‌మెంట్ చివర ఈ నిర్ణయాన్ని విశ్వాసం దృష్టితో పరిశీలించండి అని ఒక ప్రశ్న ఉంటుంది. పది పేజీల మార్కెట్ విశ్లేషణ రాసి, చివరి పేరాలో ఒక వచనం అతికించి ఇచ్చేస్తారు. ఆ పేరా తీసేసినా మిగతా పది పేజీల్లో ఒక్క అక్షరం మారదు. అలాంటి దానికి నేను మార్కులు వెయ్యను. వచనం నిజంగా పనిచేస్తే సిఫార్సులోనో, ఖర్చుల పట్టికలోనో ఏదో ఒక అంకె మారాలి. మారకపోతే రాయకండి, మారలేదని నిజాయితీగా రాయడం కూడా మంచి జవాబే.

వచనాలను తప్పుగా లాగడం ఇంకో ఇబ్బంది. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పొద్దుననుంచీ చేసినవాడికీ సాయంత్రం వచ్చినవాడికీ ఒకే దేనారం ఇస్తాడు. దీన్నిబట్టి అందరికీ ఒకే జీతం ఇవ్వాలని ఒకరు రాస్తారు, యజమాని ఇష్టం వచ్చినట్టు ఇవ్వొచ్చని ఇంకొకరు రాస్తారు. అది పరలోక రాజ్యం గురించి చెప్పిన ఉపమానం, జీతాల పాలసీ కాదు. యజమాని సేవకులకు సొమ్ము అప్పగించి వెళ్లే తలాంతుల ఉపమానం కూడా అంతే, షేర్ మార్కెట్ సలహా కింద వాడకండి.

పనికొచ్చే భాగాలు చాలానే ఉన్నాయి. నిర్గమకాండము 18లో మోషే పొద్దుననుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామ యిత్రో చూసి, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అంటాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధికారులను పెట్టమంటాడు, పెద్ద వ్యవహారాలే తన దగ్గరికి రావాలంటాడు. ఆర్గనైజేషన్ క్లాసులో ఒక మేనేజర్ కింద ఎంతమంది ఉండాలి అనే పాఠంతో కలిపి చదవండి. అపొస్తలుల కార్యములు 6లో భోజనం పంచడంలో కొందరు విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, ఏడుగురిని ఎంచి పని అప్పగిస్తారు. ఫిర్యాదు విన్న వెంటనే ఉపదేశం చెయ్యలేదు, వ్యవస్థ మార్చారు. లూకా 14లో గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడుగుతాడు. ప్రాజెక్ట్ బడ్జెట్ పాఠానికి అంతకన్నా ముందుమాట అక్కర్లేదు.

రెండు వైపుల వాదనలూ బలంగా చదవండి. వ్యాపారానికున్న సామాజిక బాధ్యత లాభం పెంచడమేనని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశాడు. చాలామంది శీర్షిక చదివి తిట్టేస్తారు. ఆట నియమాలకు లోబడి, మోసం లేకుండా అన్న షరతు ఆయన పెట్టాడు, అది గమనించండి. అటువైపు 1891లో పోప్ లియో 13 కార్మికుల గురించి రాసిన లేఖ ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన జీతం న్యాయమైపోదని, పనివాడు పొదుపుగా బతకడానికైనా అది సరిపోవాలని అందులో వాదించాడు. సరిగ్గా వందేళ్లకు, 1991లో జాన్ పాల్ 2 లాభం సంస్థ ఆరోగ్యానికి గుర్తేనని ఒప్పుకుంటూనే, ఖాతాలు సరిగ్గా ఉండి కూడా లోపల మనుషులు అవమానపడుతూ ఉండటం సాధ్యమే అన్నాడు. ఆడిట్ క్లాసుకు వెళ్లే ప్రతివాళ్లూ ఈ మాట విని వెళ్లాలని నా కోరిక.

మంచివాళ్ల కంపెనీలు కూడా చదవండి, వాళ్ల తప్పులతో సహా

విశ్వాసంతో వ్యాపారం చేసినవాళ్ల కథలు ఇలాంటి కాలేజీల్లో చాలా చెబుతారు. సగం చెప్పి ఆపేస్తారన్నదే నా బాధ.

క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లనే తీసుకోండి. ఇంగ్లండ్‌లో చాలాకాలం విశ్వవిద్యాలయాల్లో వాళ్లకు చోటు లేదు, అందుకే చాలామంది వ్యాపారాల్లోకి వెళ్లారు. బేరాలు లేకుండా ఒకే ధర చెప్పడం వాళ్ల ఆచారం. వాళ్లలో క్యాడ్‌బరీ కుటుంబం 1879లో ఫ్యాక్టరీని బర్మింగ్‌హామ్ ఇరుకునుంచి బోర్న్‌విల్‌కు మార్చింది, తర్వాత అక్కడ తోటలున్న ఇళ్లతో ఊరు కట్టించింది. ఇంతవరకు అందరూ చెబుతారు.

మిగతా సగం ఇది. వాళ్లు కొనే కోకోలో పెద్దభాగం పోర్చుగీసు ఏలుబడిలో ఉన్న సావో టోమే దీవినుంచి వచ్చేది. అక్కడి తోటల్లో పని బానిసత్వంతో సమానమని 1901లో విలియం క్యాడ్‌బరీకి తెలిసింది. విచారణలు, ప్రభుత్వంతో సంప్రదింపులు నడిచాయి. కొనడం ఆపింది 1909లో. ఆ రెండు తేదీల మధ్య ఒక పత్రిక కంపెనీని కపటమని రాస్తే కంపెనీ పరువునష్టం దావా వేసింది. జ్యూరీ కంపెనీవైపే తీర్పు చెప్పింది, నష్టపరిహారంగా మాత్రం ఒక ఫార్దింగ్ ఇచ్చింది, పెన్నీలో నాలుగో వంతు.

ఈ కేసు మీద ఒక టర్మ్ పేపరు రాయండి. కంపెనీవైపు వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు: కొంటూ ఉంటేనే మార్పు కోసం ఒత్తిడి పెట్టగలం, మానేస్తే మన మాట వినేవాళ్లుండరు. ఆ వాదన ఎన్ని నెలలు చెల్లుతుంది, ఎన్నేళ్లు చెల్లదు? గడువు ఎవరు పెట్టాలి? మీరే ఆ కొనుగోలు మేనేజర్ అయితే మొదటి ఏడాదిలో ఏ తేదీకి ఏం జరగకపోతే ఆపేస్తాం అని రాసేవారు? బోర్న్‌విల్ తోటలూ సావో టోమే తోటలూ ఒకే బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నాయని ఈ పేపరు రాసిన విద్యార్థి మళ్లీ మర్చిపోడు.

మోన్‌డ్రాగన్ అనే సహకార సంస్థల సమూహం ఇంకో మంచి కేసు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఆరిస్మెండియరియెటా అనే ఫాదర్ 1943లో టెక్నికల్ స్కూలు పెట్టాడు, అక్కడ చదివిన ఐదుగురు 1956లో పనివాళ్లే యజమానులుగా ఒక సహకార సంస్థ మొదలుపెట్టారు. మొదట్లో అత్యధిక జీతం అత్యల్ప జీతానికి మూడు రెట్లు దాటకూడదని పెట్టుకున్నారు. తర్వాత ఆ నిష్పత్తి ఎందుకు సడలించాల్సి వచ్చిందో చదవండి. 2013లో అందులోని గృహోపకరణాల సంస్థ ఫాగోర్ దివాలా తీసింది, సభ్యుల్లో చాలామందికి తోటి సహకార సంఘాల్లో పని చూపించారు. మంచి వ్యవస్థ కూడా మార్కెట్ పడితే పడుతుంది. పడ్డప్పుడు మనుషుల్ని ఏం చేసిందన్నదే తేడా. జంషెడ్‌పూర్‌లో ఎక్స్ఎల్ఆర్ఐ అనే మేనేజ్‌మెంట్ స్కూలును జెస్యూట్ ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ 1949లో ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే ఎందుకు పెట్టాడు, కార్మిక సంబంధాలతో ఆ స్కూలు మొదటినుంచీ ఎందుకు ముడిపడింది అన్నది కూడా చదవదగ్గదే.

చివరగా ఎన్‌రాన్, లెక్కల మోసంతో కూలిన అమెరికా ఇంధన కంపెనీ. 2001 డిసెంబరులో దివాలా తీసేనాటికి దానికి 64 పేజీల నైతిక నియమావళి ఉంది. గౌరవం, నిజాయితీ అని దాని విలువల జాబితాలోనే ఉన్నాయి. దాని అధిపతి కెనెత్ లే బాప్టిస్టు బోధకుడి కొడుకు. విలువల జాబితా తయారుచెయ్యమని మీకు అసైన్‌మెంట్ ఇచ్చినప్పుడు ప్రతి విలువ పక్కనా దాన్ని ఎవరు తనిఖీ చేస్తారు, ఏ కాగితం చూసి చేస్తారు అని రెండు గడులు కలపండి.

క్లాసులోనూ చాపెల్‌లోనూ

చాపెల్ తప్పనిసరైతే వెళ్లండి, వినండి. మీది వేరే నమ్మకమైతే నటించక్కర్లేదు, మర్యాదగా కూర్చుంటే చాలు. చర్చల్లో మా మతంలో దీన్ని ఇలా చూస్తారు అని చెప్పండి. వడ్డీ గురించి ముస్లిం విద్యార్థి మాట్లాడిన రోజు మా ఫైనాన్స్ క్లాసు బాగా నడిచింది. క్రైస్తవ పిల్లలకు ఒక మాట: ప్రార్థించాను కాబట్టి ఈ నిర్ణయం సరైనది అని కేసు చర్చలో అనకండి. ఆ మాట తర్వాత పక్కవాళ్లు వాదించలేరు, వాదన ఆగితే చదువు ఆగుతుంది. థియాలజీ టీచర్‌ను, అకౌంటింగ్ టీచర్‌ను ఒకే ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి. ఇద్దరి జవాబులూ కలవని చోట మీ టర్మ్ పేపరు దొరుకుతుంది.

చివరి ఏడాది ప్రాజెక్టు

ఇంటర్న్‌షిప్‌కు వీలైతే కొనుగోళ్లు, జీతాలు, ఫిర్యాదులు చూసే విభాగాన్ని అడగండి. మార్కెటింగ్‌కు అందరూ వెళ్తారు. కంపెనీ మనుషుల్ని ఎలా చూస్తుందో ఈ మూడు డెస్కుల దగ్గరే కాగితం మీద కనిపిస్తుంది.

ప్రాజెక్టుకు చిన్న ప్రశ్న తీసుకోండి. క్రైస్తవ విలువలు, కార్పొరేట్ పాలన లాంటి పేరు పెడితే వంద పేజీలు రాసినా ఏమీ తేలదు. ఒక సంస్థ అనుమతి తీసుకుని ఏడాది బిల్లులు చూడండి. బిల్లు తేదీ, ఒప్పుకున్న గడువు, డబ్బు పడ్డ తేదీ, బిల్లు మొత్తం, సప్లయరు సంస్థ పెద్దదా చిన్నదా, ఈ ఐదు గడులు చాలు. పెద్దవాళ్లకు సగటు ఎన్ని రోజులు, చిన్నవాళ్లకు ఎన్ని? తేడా ఉంటే దాన్ని సరిచెయ్యడానికి సంస్థకు ఏడాదికి ఎంత వడ్డీ పడుతుంది? ఆ ఖర్చు తిరిగి ఎక్కడ రాబట్టొచ్చు, ముందు చెల్లింపు తగ్గింపుల్లోనా, తక్కువ ధరల్లోనా? సిఫార్సు ఒక పేజీ దాటకూడదు. దేవుని పేరు అందులో ఉండక్కర్లేదు, లేవీయకాండం చదివినవాళ్లు రాశారని లెక్కలోనే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో క్రిస్టియన్ కాలేజీ చదువులో ప్రత్యేకత ఏమిటని తప్పకుండా అడుగుతారు. విలువలు నేర్పారు అనే జవాబు వాళ్లు రోజూ వింటారు. దాని బదులు ఈ ప్రాజెక్టు గురించి చెప్పండి: ఏ ప్రశ్న అడిగారు, ఏ అంకె వచ్చింది, సంస్థ ఏం మార్చింది లేదా ఎందుకు మార్చలేదు. సంస్థ పేరు, సప్లయర్ల పేర్లు తీసేసి ఆ ఒక్క పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకెళ్లండి.